నీళ్ళకు మేకు కొట్టాను: ఒక పాత టోపో పటంతో ఐదు నెలలు

జనవరి 11న ఆ టోపో పటం, అంటే నేల ఎత్తుపల్లాలు, నదులు, రోడ్లు చూపే సర్వే పటం, నా చేతికి వచ్చింది. గోడకు తగిలించుకోవాలన్నది తప్ప నాకు వేరే ఉద్దేశం లేదు. అంగుళానికి మైలు స్కేలు, అంటే 1:63,360. పదిహేను నిమిషాల అక్షాంశం, పదిహేను నిమిషాల రేఖాంశం పట్టే ఒక షీటు (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో అరవయ్యో వంతు). కుడివైపు సగం లేత నీలం సముద్రం. ఎడమ అంచు నుంచి ఒక నది వంకర్లు తిరుగుతూ వచ్చి, తీరాన్ని చేరాక నేరుగా సముద్రంలో పడకుండా ఉత్తరానికి మళ్ళి, సన్నని ఇసుక దిబ్బ వెనక చాలా దూరం నడిచి, అప్పుడు మొగ దగ్గర కలుస్తుంది. మడ అడవికి ఆకుపచ్చ, ఇసుకకు చుక్కలు, పడవ రేవుకు ఒక నల్ల గుర్తు, అక్కడక్కడా గుప్పెడు ఇళ్ళు. అడుగున "సర్వే 1936-37, పునర్ముద్రణ 1951" అని చిన్న అక్షరాలు.

ఆ నదిని నేను ఎన్నడూ చూడలేదు. పేరు కూడా ఇక్కడ చెప్పను. చెబితే అందరూ ఆ ఊరి సంగతులు అడుగుతారు. నేను చెప్పదలచుకున్నవి ఆ కాగితంతో పడ్డ పాట్లు. ఏ తీరంలోని పాత పటమైనా పాట్లు ఇవే.

పటం ఎనిమిది మడతల్లో ఉంది. రెండు మడతల మీద ఎవరో ఏనాడో సెల్లోటేపు అంటించారు. టేపు ఎండి, తేనె రంగుకు తిరిగి, ముట్టుకుంటే పెచ్చులుగా ఊడుతోంది. మడతలు పోవడానికి నేను చేసిన మొదటి పని లావుపాటి పుస్తకాల కింద ఎనిమిది రోజులు అణిచి పెట్టడం. తీసి చూస్తే మడత మరింత పదునెక్కింది. పొడి కాగితాన్ని బరువుతో నొక్కితే నార అక్కడే విరుగుతుందని తరువాత తెలిసింది.

జనవరి 21న ఫ్రేములు కట్టే ఆయన దగ్గరికి తీసుకువెళ్ళాను. వేడి ప్రెస్సుతో బోర్డుకు అంటించేస్తే అద్దంలా నున్నగా ఉంటుందని, అరగంట పని అని చెప్పారు. సరేనన్నాను. అయితే ఆయన ప్రెస్సు ఆ వారం పాడై ఉంది, శనివారం రమ్మన్నారు. ఆ ప్రెస్సు పనిచేసి ఉంటే ఈ అనుభవం రాసే అవసరమే వచ్చేది కాదు.

ఆ మూడు రోజుల ఖాళీలో, ఒక గ్రంథాలయంలో పాత కాగితాలు బాగుచేసే ఆవిడతో ఫోనులో మాట్లాడే అవకాశం దొరికింది. వేడి ప్రెస్సు మాట ఎత్తగానే ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, "అంటించాక మళ్ళీ ఊడదమ్మా, అది తెలుసుకుని అంటించుకోండి" అన్నారు. లామినేషన్ మాట నేను ఎత్తకముందే దానికీ అదే సమాధానం అన్నారు. ఇస్త్రీపెట్టె వద్దు, స్ప్రే వద్దు, టేపును లాగవద్దు. ముందు సిరాలు తడికి నిలుస్తాయో లేదో చూడమన్నారు.

చూశాను. దూది చివర తడిపి, అంచున ఒక్కో రంగు మీద ఆనించి, వెంటనే అద్దుడు కాగితంతో ఒత్తాలి. నలుపు నిలిచింది, గోధుమరంగు సమోన్నత రేఖలు నిలిచాయి, నీలం, ఎరుపు కూడా. ఇక భయం లేదనుకున్నాను. అప్పుడు గమనించాను, మొగ దగ్గర ఎవరో పెన్సిలుతో నాలుగు అంకెలు రాసి ఉన్నారు: 4, 6, 6, 9. పాత యజమాని నది లోతులు రాసుకున్నాడేమో. అడుగులో బారలో చెప్పలేను. మామూలు పెన్సిలే కదా అని దూది ఆనించాను. బూడిదరంగు అంకె కళ్ళ ముందే ఊదారంగులోకి మారి చుట్టూ పాకింది. గుండె ఝల్లుమంది. అది కాపీయింగ్ పెన్సిల్ అట. అందులో గ్రాఫైటుతో పాటు రంగు కలిపి ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపు పెన్సిల్, తడి తగిలితే సిరా. ఆ 9 ఇప్పటికీ ఊదాగానే ఉంది. డెబ్బై ఏళ్ళు చెక్కుచెదరకుండా ఉన్న గీతను నేను ఒక్క సెకనులో పాడుచేశాను. పాత పటం చేతికి వస్తే ముందు పెన్సిలు రాతలు వెతకండి, అచ్చు సిరాలు తరువాత.

నేరుగా తడపడం కుదరదని తేలింది కనుక ఆవిరి చెమ్మ పట్టించడమే దారి. ఫిబ్రవరి 8, ఆదివారం. మూత ఉన్న వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి, అడుగున తడిపి పిండిన అద్దుడు కాగితాలు, వాటి మీద నీళ్ళు తగలకుండా ప్లాస్టిక్ జాలీ, జాలీ మీద పలచని గుడ్డ, గుడ్డ మీద పటం, పెన్సిలు అంకెల దగ్గర పైనా కిందా పొడి అద్దుడు కాగితం. మూత పెట్టి అరగంటకొకసారి చూడాలి. మొదటి గంట ఏమీ జరగలేదు. రెండు గంటలకు మడతలు తమంతట తామే తెరుచుకోవడం మొదలుపెట్టాయి. కాగితం ఊపిరి పీల్చినట్లు అనిపించింది. రెండు గంటల నలభై నిమిషాలకు బట్టలా మెత్తబడింది. అంతకు మించి ఉంచితే బూజు ప్రమాదం. తీసి అద్దుడు కాగితాల మధ్య పరచి, పైన గాజుపలక, దాని మీద బరువులు. ఇక్కడ ఓపిక కావాలి: పావుగంటకొకసారి, గంటకొకసారి, ఆ తరువాత రోజుకొకసారి అద్దుడు కాగితాలు మార్చాలి. నాకు తొమ్మిది రోజులు పట్టింది. మూడో రోజు మార్చడం మరిచిపోయాను. నైరుతి మూల చిన్న అల మిగిలిపోయింది.

టేపు ప్లాస్టిక్ పొర ఈ చెమ్మకు దానంతట అదే వచ్చేసింది. జిగురు మరక మాత్రం ఉంది. దానికి రసాయనాలు కావాలి, అవి ఇంట్లో చేసే పని కాదని ఆవిడ ఖచ్చితంగా చెప్పారు. వదిలేశాను. మూడు చిరుగులకు వెనకవైపు పలచని జపాను కాగితం, గోధుమ గంజి జిగురుతో అతికించాను. రెండు సాయంత్రాలు పట్టింది. వాటి గురించి చెప్పుకోవలసింది ఏమీ లేదు, బాగానే కుదిరాయి.

ఇక స్కానింగ్. ఇది సులువనుకున్నాను. పదిహేను నిమిషాల అక్షాంశం నేల మీద దాదాపు 27.7 కిలోమీటర్లు, ఈ స్కేలులో కాగితం మీద 43.7 సెంటీమీటర్లు. మార్జిన్లతో కలిపి నా షీటు 70 × 55 సెంటీమీటర్లు. ఏ2 పరిమాణపు స్కానర్ వెడల్పు 42 సెంటీమీటర్లు. అంటే 1.7 సెంటీమీటర్ల తేడాతో పటం పట్టదు. మొదటి చోట ఏ3 స్కానర్ మీద నాలుగు ముక్కలుగా తీసి కంప్యూటర్‌లో కలిపారు. కలిపిన చోట నది తెగి, పక్కకు జరిగి మళ్ళీ మొదలైంది. రెండో చోట పెద్ద స్కానరే ఉంది, కాకపోతే రోలర్ల మధ్య నుంచి కాగితాన్ని లాగే రకం. అతికిన చిరుగులు చూసి ఆపరేటరే వద్దన్నాడు. ఆ నిజాయితీకి అతనికి రుణపడి ఉన్నాను. మూడో చోట కాగితం కదలకుండా పైనుంచి తీసే స్కానర్ దొరికింది, కాని వరుసలో పద్దెనిమిది రోజులు ఆగాలి. మార్చి 24న ఫైలు చేతికి వచ్చింది. 400 డీపీఐ (అంగుళానికి 400 చుక్కలు), కుదించని టిఫ్ ఫైలు, 286 మెగాబైట్లు. ఇందులో ఒక్కో పిక్సెల్ నేల మీద నాలుగు మీటర్లు. ఈ లెక్క గుర్తుంచుకోండి, తరువాత పనికొస్తుంది.

స్కాన్ చేయించింది గోడకు నకలు తీసుకుందామని మాత్రమే. అదే రాత్రి తెరమీద మొగను పెద్దది చేసి చూస్తుంటే, ఇప్పుడు అక్కడ ఎలా ఉందో చూడాలనిపించింది. ఉపగ్రహ చిత్రం తెరిచాను. నది ఉంది, దిబ్బ ఉంది, మొగ మాత్రం నా పటంలో ఉన్న చోట లేదు. అప్పటికి పదకొండున్నర అయింది. రెండు గంటలకు పడుకున్నాను. మరుసటి రోజు పటాలతో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఒకటి, క్యూజీఐఎస్, దించుకున్నాను. ఉచితమే, కాని దానికి నేను కట్టిన మూల్యం నెలన్నర నిద్ర.

ఈ పనిని జియోరిఫరెన్సింగ్ అంటారు. స్కాన్ మీద ఒక బిందువు నొక్కి, అదే చోటు ఇప్పటి చిత్రంలో ఎక్కడుందో నొక్కాలి. అలా కొన్ని బిందువులు ఇస్తే సాఫ్ట్‌వేర్ పటాన్ని సాగదీసి, తిప్పి, నేల మీద కూర్చోబెడుతుంది. నా కంటికి పటంలో అన్నిటికన్నా స్పష్టంగా కనిపించేవి నది వంపులు. ప్రతి వంపుకూ ఒక బిందువు పెట్టాను. పాయలు విడిపోయే చోట, లంకల కొసల దగ్గర, దిబ్బ మొదలు, దిబ్బ చివర. మొత్తం 31 బిందువులు. వాటిలో 22 నీటి అంచున ఉన్నవే. సాధారణ పద్ధతిలో పొంతన కుదరలేదు, వందల మీటర్ల తేడాలు. జాబితాలో థిన్ ప్లేట్ స్ప్లైన్ అనే పద్ధతి కనిపించింది. అది ఎంచుకున్నాను. తేడా సున్నా! ప్రతి బిందువూ సరిగ్గా కూర్చుంది. పాత నది మీద ఇప్పటి నది చేతికి తొడుగులా సరిపోయింది. మార్చి 29 రాత్రి మా అక్కకు ఫోను చేసి మరీ చెప్పాను.

"అయితే నది ఏమీ మారలేదన్న మాట," అంది అక్క.

ఆ మాట అప్పుడే నాకు తగలవలసింది. మొగ మారిందనే కదా ఈ పని మొదలుపెట్టింది!

ఏప్రిల్ 4న అక్క మామగారి స్నేహితుడు ఒకాయనను కలిశాను. ముప్ఫై ఏళ్ళకు పైగా సర్వేలో పనిచేసి రిటైరయ్యారు. తెర ఆయన వైపు తిప్పి గర్వంగా చూపించాను. ఆయన నదిని చూడనే లేదు. పటం అంచున ఉన్న రేఖాంశం గీతను వేలితో చూపించి, "ఇది తిన్నగా ఉండాలి కదా, పాములా మెలికలు తిరిగిందేమిటి?" అన్నారు. నిజమే. నేను పది రోజులుగా నదినే చూస్తున్నాను, గీతలు చూడలేదు. తరువాత నా బిందువుల జాబితా కిందికి జరుపుతూ ఒక్కొక్కటీ చూశారు. చూసి కళ్ళజోడు తీశారు.

"అమ్మాయీ, నీళ్ళకు మేకు కొట్టావేమిటి?"

ముఖం ఎర్రబడింది. ఆయన నవ్వలేదు, అదొక్కటే ఊరట. కాఫీ తాగుతూ చెప్పారు: "కదిలేవాటిని కదలనివిగా పెట్టుకున్నావు. పాత నదిని లాక్కొచ్చి కొత్త నది మీద పడుకోబెట్టావు. ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది?" సున్నా తేడా సంగతి అడిగాను. ఆ పద్ధతి ఇచ్చిన ప్రతి బిందువు గుండా పటాన్ని బలవంతంగా లాగుతుంది కనుక, తప్పు బిందువు ఇచ్చినా తేడా సున్నాయే వస్తుందట. సున్నా వచ్చిందంటే పని బాగా కుదిరిందని కాదు, పరీక్షే జరగలేదని.

నల్ల సిరా మాత్రమే చూడమన్నారు. పాత పటాల్లో ఒక్కో రంగుకు ఒక్కో అచ్చు పలక. నలుపులో మనుషులు చేసినవి: రోడ్లు, వంతెనలు, ఇళ్ళు, గీతలు, పేర్లు. నీలంలో నీళ్ళు. కాగితం ఒక్కో పలక కిందికి విడివిడిగా వెళ్తుంది కనుక రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పడవు. ఇంటికి వచ్చి వంతెన దగ్గర పెద్దది చేసి చూశాను. నల్లని వంతెన నది మధ్యకు కాకుండా ఒక ఒడ్డు మీదికి జరిగి ఉంది. నీలం తూర్పుకు 0.4 మిల్లీమీటర్లు తప్పింది. వినడానికి ఎంత! నేల మీద అది 25 మీటర్లు. అచ్చుయంత్రం దగ్గర ఎవరిదో చేయి వెంట్రుకవాసి జరిగితే నది మొత్తం పాతిక మీటర్లు జరిగింది.

అన్నీ చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఈసారి చిత్రంతో పనిలేదు. పటం మీదే ప్రతి ఐదు నిమిషాలకు అక్షాంశ రేఖాంశాల గీతలు ఉన్నాయి. అడ్డం నాలుగు, నిలువు నాలుగు, ఖండించుకునే చోట్లు పదహారు. వాటి విలువలు మార్జిన్‌లో అచ్చయి ఉన్నాయి. చూసి టైపు చేయడమే. గంటన్నర పని. తేడా 6.1 పిక్సెళ్ళు, అంటే 24 మీటర్లు. గీతలు తిన్నగా ఉన్నాయి. ఇప్పటి రోడ్లు పైన వేసి చూశాను.

ప్రతి రోడ్డూ, ప్రతి వంతెనా దాదాపు 240 మీటర్లు పక్కకు ఉంది. అన్నీ ఒకే దిక్కుకు, ఒకే దూరం.

ఆ రాత్రి వదిలేద్దామనుకున్నాను. నిజంగానే కంప్యూటర్ మూసి, రెండు రోజులు దాని ముఖం చూడలేదు. ఏప్రిల్ 9న పెద్దాయనకు ఫోను చేశాను. "అన్నీ ఒకే వైపు జరిగాయా? అయితే సంతోషించు, పటం మంచిదే. గోళం వేరు," అన్నారు. భూమి సరైన గోళం కాదు కనుక పాతరోజుల్లో ఒక్కో ప్రాంతంలో సర్వేవాళ్ళు తమ నేలకు నప్పే ఆకారాన్ని లెక్కకు తీసుకున్నారు: ఎవరెస్ట్ 1830, బెస్సెల్ 1841, క్లార్క్ 1866, క్లార్క్ 1880. వాటిని నేలకు బిగించిన తీరు కూడా వేరు. ఆ మొత్తం చట్రాన్ని డేటమ్ అంటారు. ఇప్పటి జీపీఎస్ వాడేది డబ్ల్యూజీఎస్ 84. ఒకే అక్షాంశం, ఒకే రేఖాంశం రెండు చట్రాల్లో రెండు వేర్వేరు చోట్లు. నా పటం వాడిన చట్రం పేరు కాగితం మీద ఎక్కడా లేదు. సర్వే జరిగిన కాలం, ప్రాంతం చూసి ఆయనే చెప్పారు. అది ఏదో నేను ఇక్కడ చెబితే దేశం పేరు చెప్పినట్లే.

పదహారు బిందువులనూ ఆ పాత చట్రంలోవిగా ప్రకటించి, అక్కడి నుంచి డబ్ల్యూజీఎస్ 84లోకి మార్చమన్నాను. క్యూజీఐఎస్ ఒక జాబితా చూపించి ఏ మార్పిడి కావాలని అడిగింది. ఒక్కోదాని పక్కన ఎన్ని మీటర్ల కచ్చితత్వమో కూడా రాసి ఉంది. ఆ ప్రాంతానికి చెందిన వాటిలో చిన్న అంకె ఉన్నదాన్ని ఎంచుకున్నాను. పటం నెమ్మదిగా పక్కకు జరిగి కూర్చుంది. రోడ్ల కూడలి మీద కూడలి, వంతెన మీద వంతెన. ఇందులో నేను బలవంతంగా లాగింది ఏదీ లేదు. మార్చి 29 నాటి సంతోషం దీని ముందు ఎందుకూ పనికిరాదు. ఈసారి మాత్రం ఎవరికీ ఫోను చేయలేదు.

మొదట పరీక్ష పెట్టుకున్నాను. లెక్కలో వాడని ఏడు నల్ల గుర్తులు తీసుకుని ఎంత తప్పాయో కొలిచాను. చాలావరకు 30 మీటర్ల చుట్టూ, అన్నిటికన్నా చెడ్డది 58. మంచిదా చెడ్డదా అని చూడటానికి ఒక కొలబద్ద ఉంది. అమెరికా 1947లో పెట్టుకున్న పటాల కచ్చితత్వ ప్రమాణం ప్రకారం ఈ స్కేలు పటాల్లో పరీక్షించిన బిందువుల్లో పది శాతానికి మించి అంగుళంలో యాభయ్యో వంతు కన్నా ఎక్కువ తప్పకూడదు. అంగుళానికి మైలు స్కేలులో అది 32 మీటర్లు. నడిచి, బల్లపరుపు బల్ల మీద కాగితం పరచి గీసిన పటానికి, పైగా డెబ్బై ఏళ్ళకు పైగా సాగి కుంచించుకున్న కాగితానికి, ఇది నాకు అద్భుతంగానే తోచింది. 58 తప్పింది ఎక్కడో ఊహించే ఉంటారు: నేను అద్దుడు కాగితం మార్చడం మరిచిన నైరుతి మూల.

ఇక మొగ. పటంలో దిబ్బ పొడవు 3.1 కిలోమీటర్లు, ఇప్పుడు 4.9. మొగ 1.8 కిలోమీటర్లు ఉత్తరానికి నడిచింది. ముప్ఫై మీటర్ల పొరపాటు ముందు ఇది కొండంత తేడా, దీన్ని ఎవరికైనా ధైర్యంగా చెప్పగలను. పైన నది వంపుల్లో మాత్రం అరవై డెబ్బై మీటర్ల తేడాలే ఉన్నాయి. కాగితం తప్పు, రంగు జరిగిన తప్పు రెండూ తీసేస్తే అక్కడ మిగిలేది దాదాపు ఏమీ లేదు. నది అక్కడ కదిలిందో లేదో నా పటం చెప్పలేదు. రంగురంగుల బాణాలు గీసి చూపించాలన్న ఆశ బాగానే ఉండేది, చంపుకున్నాను.

సముద్రపు ఒడ్డు దగ్గర మరో చిక్కు వచ్చింది. ఇలాంటి పటాల్లో తీరరేఖ సాధారణంగా పోటు నీరు చేరే గీత. ఉపగ్రహ చిత్రం మాత్రం ఆ క్షణంలో నీళ్ళు ఎక్కడుంటే అక్కడ చూపిస్తుంది. వంద మీటర్లకు ఒక మీటరు మాత్రమే దిగే చదునైన తీరంలో, పోటుకూ ఆటుకూ మధ్య రెండు మీటర్ల తేడా ఉంటే నీటి అంచు రెండు వందల మీటర్లు అటూ ఇటూ అవుతుంది. ఆటు సమయంలో తీసిన చిత్రం పెట్టుకుంటే సముద్రం వెనక్కు తగ్గిందని సంబరపడవచ్చు, అంతే. సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు 2015 నుంచి ఉచితంగా దొరుకుతాయి, పది మీటర్ల స్పష్టతతో. నలభై చిత్రాలు తీసి, మబ్బు ఉన్నవి తీసేస్తే పన్నెండు మిగిలాయి. ఆటుపోట్ల పట్టికతో వేళలు సరిచూస్తే పోటుకు దగ్గరగా ఉన్నవి రెండు. నాలుగు సాయంత్రాల పనికి రెండు చిత్రాలు.

మధ్యకాలం ఎలా గడిచిందో తెలుసుకోవడానికి ల్యాండ్‌శాట్ చూశాను. మొదటి ల్యాండ్‌శాట్ 1972లో ఎగిరింది. ఆ చిత్రాలూ ఉచితమే. 1973 నాటి ఒక చిత్రంలో మసకమసకగా దిబ్బ కనిపించింది. మొగ అప్పటికే కిలోమీటరు దాకా ఉత్తరానికి జరిగి ఉంది. అంటే ఏదో ఒక తుఫాను ఒక్క రాత్రిలో చేసిన పని కాదు. కెరటాలు ఏటవాలుగా తగులుతూ ఇసుకను ఒకే దిక్కుకు మోసుకుపోతూ ఉంటే, దిబ్బ కొస పెరుగుతూ, నది దాన్ని చుట్టి రావడానికి ఇంకా ఇంకా నడుస్తూ వచ్చింది.

జూన్ మొదటి వారంలో మళ్ళీ గోడ గుర్తుకొచ్చింది. అసలు కాగితాన్ని వెలుతురులో పెట్టడానికి ఇప్పుడు నాకు చేతులు రాలేదు. దాన్ని ఆమ్లం లేని కాగితం మడతలో పరచి, బల్ల సొరుగులో పెట్టాను. గోడకు నకలు. దాన్ని అచ్చు వేయించి ఇంటికి తెచ్చి, ఎందుకో స్కేలు గీత కొలిచాను. నాలుగు మైళ్ళ గీత 101.6 మిల్లీమీటర్లు ఉండాలి, 98.5 ఉంది. ప్రింటర్ తనంతట తానే కాగితానికి సరిపోయేలా మూడు శాతం కుదించింది. ఆరు నెలల కిందటి నేనైతే పట్టించుకునేదాన్ని కాదు. వెనక్కు తీసుకువెళ్ళి నూరు శాతం పరిమాణంలో మళ్ళీ వేయించాను. ఫ్రేము కట్టే ఆయన మార్జిన్ల మీద మౌంటు కప్పితే అందంగా ఉంటుందన్నారు. అక్షాంశాలు, సర్వే సంవత్సరాలు, ఉత్తర దిక్సూచి, అన్నీ ఉన్నది ఆ మార్జిన్‌లోనే అని చెప్పి, కప్పకుండా కట్టించాను.

ఖర్చు అడుగుతారని తెలుసు. పటానికి ఒక వంతు పెట్టాననుకుంటే, కాగితాలు, గంజి, తొట్టికి ఒకటిన్నర వంతు. స్కానింగ్‌కు, పనికిరాకుండా పోయిన మొదటిదానితో కలిపి, రెండు. రెండుసార్లు వేయించిన అచ్చుకూ ఫ్రేముకూ కలిపి మూడు. సాఫ్ట్‌వేర్‌కు, ఉపగ్రహ చిత్రాలకు ఏమీ కాలేదు.

జూన్ 14న ఫ్రేము గోడకెక్కింది. అక్క వచ్చి చూసి, దిబ్బ నడుమ ఉన్న చిన్న త్రికోణం మీద వేలు పెట్టింది. పక్కన 23 అని ఉంది.

"ఇదేమిటి?"

"సర్వే రాయి. ఇరవై మూడు అడుగుల ఎత్తు ఇసుక దిబ్బ మీద పాతారు. అప్పుడు ఒడ్డు నుంచి నూట నలభై మీటర్లు లోపలికి ఉండేది."

"ఇప్పుడు వెళ్తే చూడవచ్చా?"

పోటు చిత్రాల్లోనూ చూశాను, ఆటు చిత్రాల్లోనూ చూశాను. ఆటుపోట్ల తేడా ఇరవై మూడు అడుగుల దిబ్బను దాచలేదు. ఆ త్రికోణం ఇప్పుడు ఒడ్డుకు తొంభై మీటర్ల అవతల, నీళ్ళలో ఉంది.